శిలాజ గుడ్డా, నకలా? ఆకారం వదిలేసి పెంకు చూడండి

పొలం దున్నుతుంటేనో, చెరువు మట్టి తోలుతుంటేనో ఒక గుండ్రటి రాయి బయటపడుతుంది, ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, సాయంత్రానికల్లా అది డైనోసార్ గుడ్డు అయిపోతుంది. 2020 అక్టోబరులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కున్నంలో అచ్చం ఇలాగే జరిగింది. భూగర్భ శాస్త్రవేత్తలు వెళ్లి చూసి అవి గుడ్లు కావని, ఒకప్పటి సముద్రం అడుగున అమ్మోనైట్ల (చుట్టలు తిరిగిన గవ్వ ఉన్న, అంతరించిపోయిన సముద్ర జీవుల) చుట్టూ మట్టి పేరుకుని గట్టిపడిన ముద్దలని చెప్పారు. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. అక్కడి రైతులు పొలాల్లో దొరికిన గుండ్రటి రాళ్లను కాకర్ భైరవ్ పేరుతో పంటనూ పశువులనూ కాపాడే దేవుడిగా తరతరాలుగా కొలుస్తున్నారు, 2023లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు చూస్తే వాటిలో టైటనోసార్ (పొడవాటి మెడ ఉన్న భారీ శాకాహార డైనోసార్) గుడ్లు ఉన్నాయి.

ఒకచోట గుడ్డు కానిది గుడ్డయింది, ఇంకోచోట నిజం గుడ్డు ఉత్త రాయిగా మిగిలింది. రెండుచోట్లా జనం చూసింది ఆకారాన్నే. గుండ్రంగా ఉండటానికి రాయికి గుడ్డే అయ్యుండాల్సిన అవసరం లేదు. గుడ్డుకి రుజువు పెంకు ఒక్కటే, కింద చెప్పే పరీక్షలన్నీ చివరికి పెంకు దగ్గరికే వస్తాయి.

కావలసిన సామాను పెద్దదేమీ కాదు. నగల షాపువాళ్లు వాడే, పదిరెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం (10ఎక్స్ లూప్) ఒకటి, మామూలు టార్చ్, 365 నానోమీటర్ల యూవీ టార్చ్, చేపలు తూచే రకం వేలాడే డిజిటల్ కాటా, మిల్లీమీటర్ల స్కేలు, అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్, నాలుగు ఇయర్ బడ్స్. వీటిలో లూప్ ఒక్కటి మంచిది కొనండి, మిగతావి ఎలాంటివైనా పర్వాలేదు.

1. ముందు లేబుల్ చదవండి

వస్తువు ముట్టుకోకముందే సగం నకళ్లు లేబుల్ దగ్గరే దొరికిపోతాయి. "టీ-రెక్స్ గుడ్డు" అని రాసి ఉంటే అక్కడితో ఆపేయొచ్చు, ఎందుకంటే టీ-రెక్స్‌దని నిర్ధారణ అయిన గుడ్డు ఇప్పటిదాకా ప్రపంచంలో ఒక్కటీ లేదు. ట్రైసెరాటాప్స్ గుడ్డన్నా అంతే.

గుడ్డును చూసి ఏ జంతువుదో చెప్పడం శాస్త్రవేత్తలకే కష్టం, లోపల పిండం ఎముకలు దొరికితే తప్ప. 1923లో మంగోలియాలోని ఫ్లేమింగ్ క్లిఫ్స్ దగ్గర రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ బృందానికి గుడ్ల గూళ్లు దొరికాయి. అక్కడ ప్రోటోసెరాటాప్స్ అనే చిన్న శాకాహార డైనోసార్ ఎముకలు బోలెడు ఉన్నాయి కాబట్టి గుడ్లు కూడా దానివే అనుకున్నారు. ఆ మాట 70 ఏళ్లు నడిచింది. 1993లో అదే రకం గుడ్డు లోపల ఓవిరాప్టర్ జాతి (పక్షిలాంటి ముక్కున్న డైనోసార్లు) పిండం దొరికాకే పొరపాటు తేలింది. 2020లో వచ్చిన ఇంకో పరిశోధనలో అసలు ప్రోటోసెరాటాప్స్ గుడ్డు పెంకు మెత్తటిదని, తోలులాంటిదని బయటపడింది. ఇంత జరిగాక కూడా గట్టి పెంకున్న పొడుగాటి గుడ్డుని "ప్రోటోసెరాటాప్స్ గుడ్డు" అని అమ్ముతుంటే అమ్మేవాడికి విషయం తెలియదనుకోవాలి, లేదా మీకు తెలియదని వాడు అనుకుంటున్నాడనుకోవాలి.

నిజాయితీ ఉన్న లేబుల్ మీద ఏ దేశం, ఏ ప్రాంతం, ఏ రాతి పొర, గుడ్డు ఏ రకం అన్న వివరాలు ఉంటాయి. జంతువు పేరు దగ్గర "బహుశా" అని ఉంటే నాకు ఇంకాస్త నమ్మకం కలుగుతుంది.

2. సైజు, రూపం

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. మన దేశంలో దొరికే టైటనోసార్ గుడ్లు దాదాపు బంతిలా గుండ్రం, అడ్డకొలత చాలావరకు 15 నుంచి 17 సెంటీమీటర్లు. ఓవిరాప్టర్ జాతివి పొడుగ్గా ఉంటాయి, సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఇప్పటిదాకా తెలిసిన అతిపెద్ద డైనోసార్ గుడ్లు చైనాలో దొరికినవి, అవి కూడా 60 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి మూడడుగుల గుడ్డు అన్న వార్తలు వస్తే తూనికలూ లూపులూ అక్కర్లేదు.

ఇంకో సంగతి, కోట్ల ఏళ్లు మట్టి బరువు కింద ఉన్న గుడ్డు కొంచెమైనా నొక్కుకుపోతుంది. పగులు లేకుండా, సొట్ట లేకుండా, రెండువైపులా సరిసమానంగా, నిన్న పెట్టినట్టు ఉందంటే ఆనందం కన్నా అనుమానం ముందు రావాలి.

3. పెంకు: అసలు పని ఇక్కడ

లూప్‌ని కంటికి ఆనించి పట్టుకుని, రాయిని దగ్గరికి తెచ్చుకోండి. చాలామంది లూప్‌ని రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తారు, అలా ఏమీ కనిపించదు. టార్చ్ వెలుగు పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు ఉపరితలానికి ఆనుకున్నట్టు పడాలి, అప్పుడే చిన్న చిన్న ఎత్తుపల్లాలు నీడలతో సహా తెలుస్తాయి.

పెంకు విరిగిన అంచు ఎక్కడైనా ఉందేమో వెతకండి, సాధారణంగా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ అంచుని లోపలినుంచి బయటికి చదవాలి. ముందు లోపల నిండిన మట్టి లేదా ఇసుకరాయి, తర్వాత ఒక ఖచ్చితమైన గీత, ఆ గీత దాటాక రంగూ మెరుపూ వేరుగా ఉన్న పలుచటి పట్టీ. ఆ పట్టీయే పెంకు. మన టైటనోసార్ గుడ్లలో అది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా, ఒక్కోసారి ఇంకా మందంగా ఉంటుంది, ఓవిరాప్టర్ రకాల్లో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. కోడిగుడ్డు పెంకు అర మిల్లీమీటరు కూడా ఉండదు. గుడ్డంతా తిప్పి చూస్తే ఈ మందం దాదాపు ఒకేలా ఉండాలి, ఒకచోట ఒకటి, ఇంకోచోట నాలుగు మిల్లీమీటర్లు ఉంటే అది పెంకు కాదు, రాతి మీద పేరుకున్న పొర.

ఇప్పుడు ఆ పట్టీ లోపలికే చూడండి. ఉపరితలానికి నిలువుగా సన్నటి గీతలు కనిపిస్తాయి, అవి కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) స్ఫటికాల వరుసలు. టైటనోసార్ పెంకులో ఒక్కో స్ఫటికాల గుత్తి లోపలి అంచున ఒక బిందువు దగ్గర మొదలై, బయటికి వెళ్లేకొద్దీ విసనకర్రలా విచ్చుకుని, పైన చిన్న గుండ్రటి బొడిపెగా ముగుస్తుంది. అందుకే ఆ గుడ్డు పైభాగం చేత్తో తడిమితే సన్నటి గరుకుగా తగులుతుంది. ఆ బొడిపెల మధ్య సూదిమొనంత రంధ్రాలు ఉంటాయి. లోపల పెరిగే పిల్ల ఊపిరి వాటి గుండానే ఆడింది. ఓవిరాప్టర్ గుడ్డు మీద బొడిపెల బదులు నిలువు గట్లలాంటి వరుసలు ఉంటాయి, గుడ్డు నడుం దగ్గర పొడుగ్గా సాగి, రెండు కొనల దగ్గరికి వచ్చేసరికి తెగిపోయి విడివిడి చుక్కలవుతాయి. చెక్కిన నకళ్లలో ఈ మార్పు ఉండదు, కొసనుంచి కొసదాకా ఒకే గీత లాగేస్తారు. చైనా రకం పొడుగు గుడ్డు చేతికొస్తే మొదట కొనల దగ్గరే చూడండి.

ఇవేవీ లేకపోతే? పగలగొట్టిన రాయి లోపలినుంచి బయటిదాకా ఒకే రకంగా ఉంటే అది ఏటిరాయి. లోపల పొర మీద పొర ఉల్లిపాయలా ఊడొస్తుంటే అది గాలికీ నీటికీ అరిగిన నల్లరాయి. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు లావా రాళ్ల ప్రాంతాల్లో ఇలాంటివి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, "మా చేలో గుడ్డు దొరికింది" అనే ఫోటోల్లో ఎక్కువ ఇవే. లోపల పసుపు కాల్సైట్ గీతలు గదులు గదులుగా ఉంటే అది సెప్టేరియన్ ముద్ద, మడగాస్కర్ నుంచి గుడ్డు ఆకారంలో చెక్కి, నునుపు చేసి "డ్రాగన్ ఎగ్" పేరుతో అమ్ముతారు. అందమైన రాయే, కానీ ఏ ప్రాణీ పెట్టింది కాదు.

4. పగుళ్లు ఏం చెబుతాయి

పూర్తి నకలు కన్నా ప్రమాదకరమైంది సగం నిజం. చైనాలోని హెనాన్ ప్రాంతంలో 1990ల్లో గుడ్లు పెద్ద ఎత్తున బయటపడి, దొంగదారిన విదేశాల మార్కెట్లలోకి పోయాయి. వాటితోపాటే ఒక కొత్త పనితనం కూడా వచ్చింది. నిజమైన పెంకు ముక్కలు తీసుకుని, మట్టి ముద్ద మీదో మామూలు రాయి మీదో జిగురుతో అతికించి, సందుల్లో రంగు కలిపిన పేస్టు నింపుతారు. లూప్‌లో పెంకు నిజంగానే పెంకులా కనిపిస్తుంది, ఎందుకంటే అది నిజమే. అబద్ధం గుడ్డులో ఉంది.

దీన్ని పట్టుకోవాలంటే ఒక్కో పగులు వెంట కంటిని నడిపించాలి. భూమి లోపల నలిగిన గుడ్డులో పగులుకి రెండువైపులా ఉన్న ముక్కలు ఒకప్పుడు కలిసి ఉన్నవే, ఒకదాని వంపు పక్కదాని వంపులోకి సరిగ్గా కూర్చుంటుంది. కొన్ని ముక్కలు లోపలికి కుంగి ఉండొచ్చు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండొచ్చు, కానీ జత తెలిసిపోతుంది. అతికించిన దాంట్లో ముక్కల అంచులు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటాయి, మధ్య సందులు అన్నీ దాదాపు ఒకే వెడల్పు, పెంకు మీది గీతలు ఒక ముక్కలో నిలువుగా, పక్క ముక్కలో అడ్డంగా. ఒక్కోసారి పెంకు తిరగేసి కూడా అతికిస్తారు, లోపలివైపు బయటికి వచ్చి ఉంటుంది. అది కనిపిస్తే ఇక మాటల్లేవు.

మంచి గుడ్డుకి కూడా మరమ్మతు ఉండొచ్చు, అది తప్పు కాదు. విరిగిన రెండు ముక్కలు అతికించామని అమ్మేవాడు ముందే చెప్పాలి, అంతే.

5. రెజిన్, ప్లాస్టర్, జిగురు

అచ్చుపోసిన నకళ్లు పట్టుకోవడం తేలికే. చుట్టూ ఎక్కడైనా అచ్చు రెండు భాగాలు కలిసిన సన్నటి గీత ఉందేమో వేలితో వెతకండి, దాన్ని రుద్ది పోగొట్టినా ఆ పట్టీలో మాత్రం గరుకుదనం పోయి నున్నగా ఉంటుంది. లూప్‌లో గుండ్రటి గాలిబుడగల గుంటలు కనిపిస్తే అది పోత. పెంకు రంధ్రాలు అన్నీ దాదాపు ఒకే రకం, బుడగలు రకరకాల సైజుల్లో, అంచులు నున్నగా ఉంటాయి. రాయి చేతికి చల్లగా తగిలి నెమ్మదిగా వేడెక్కుతుంది, రెజిన్ (అచ్చులో పోసే ప్లాస్టిక్ లాంటి పదార్థం) అంత చల్లగా ఉండదు.

అసిటోన్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో అడుగుభాగంలో, కనిపించని చోట, మెల్లగా రుద్దండి. రంగు దిగినా, పైపొర జిగటగా మారినా ఆ పొర మనిషి వేసిందే. అది నిజమైన గుడ్డు మీద గట్టిదనం కోసం పూసిన పొర కూడా అయ్యుండొచ్చు, మ్యూజియాల్లోనూ పూస్తారు, కాబట్టి రంగు దిగిందా, ఉత్త మెరుపు దిగిందా అని తేడా చూడాలి.

చీకటి గదిలో యూవీ టార్చ్ వెయ్యండి. చాలా జిగుర్లూ ఎపాక్సీలూ నీలం కలిసిన తెలుపులో మెరుస్తాయి. కాల్సైట్ కూడా తనంతట తాను మెరవొచ్చు, అందుకే మెరుపు ఉందా లేదా అన్నది కాదు, ఎక్కడ ఉందన్నది ముఖ్యం. పగుళ్ల వెంట గీతలు గీతలుగా మెరిస్తే అతికించినవి. ఒక పక్క మొత్తం పెద్ద మచ్చలా మెరిస్తే ఆ భాగం కొత్తగా కట్టింది.

కాల్చిన సూది పరీక్ష గురించి అందరూ చెబుతారు, రెజిన్ అయితే కరిగి ప్లాస్టిక్ వాసన వస్తుందని. నిజమే, కానీ అది మచ్చ మిగులుస్తుంది, ఆ పొగ మంచిది కాదు, పైగా తర్వాతి పరీక్ష ఏ మచ్చా లేకుండా అదే జవాబు చెబుతుంది.

6. నీళ్లలో తూకం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇదే, ఎందుకంటే ఇందులో కంటి మోసం లేదు. గుడ్డుకి గట్టి దారం కట్టి కాటాకి వేలాడదీసి తూకం రాసుకోండి. తర్వాత బకెట్ నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకీ గోడకీ తగలకుండా పట్టుకుని మళ్లీ చూడండి. మొదటి తూకంలోంచి రెండోది తీసెయ్యండి, వచ్చిన తేడాతో మొదటి తూకాన్ని భాగించండి. ఉదాహరణకి గాలిలో 1,200 గ్రాములు, నీళ్లలో 720 అనుకుంటే తేడా 480, 1,200ని 480తో భాగిస్తే 2.5.

కాల్సైట్ సాంద్రత 2.71. మట్టి, ఇసుకరాయి నిండిన శిలాజ గుడ్డు సాధారణంగా 2.3 నుంచి 2.7 మధ్య వస్తుంది. ఉత్త రెజిన్ 1.1 లేదా 1.2 దగ్గర ఉంటుంది, పోత పోసిన ప్లాస్టర్ కూడా రాయికన్నా చాలా కింద ఆగిపోతుంది. సిమెంటు మాత్రం రాయికి దగ్గరగా వస్తుంది, రాతిపొడి కలిపిన రెజిన్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకని అంకె తక్కువొస్తే నకలని చెప్పొచ్చు, సరిపోయిందని నిజమనుకోకూడదు, మామూలు గులకరాయి కూడా 2.6 చూపిస్తుంది. మెత్తటి మట్టి అంటుకుని ఉన్న గుడ్డుని, పగుళ్లు వదులుగా ఉన్నదాన్ని నీళ్లలో పెట్టొద్దు, విడిపోతుంది.

7. యాసిడ్ గురించి ఒక్క మాట

పెంకు కాల్సైట్ కాబట్టి యాసిడ్ చుక్కకి బుసబుసమని పొంగుతుందని చెప్పి, బాత్‌రూమ్ క్లీనర్ పోసి పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. సున్నపురాయి పొంగుతుంది, సుద్ద కలిసిన గోడ పుట్టీ పొంగుతుంది, సిమెంటూ పొంగొచ్చు. ఇంకోవైపు, పెంకులో సిలికా చేరిపోయిన నిజం గుడ్డు పొంగకపోవచ్చు. చెయ్యాలనే ఉంటే అడుగునుంచి రాలిన చిటికెడు పొడిని గాజు మీద వేసి వెనిగర్ చుక్క వెయ్యండి, గుడ్డు మీద కాదు.

8. "లోపల పిల్ల ఉంది" అంటే

ధర పది రెట్లు పెంచడానికి చెప్పే మాట ఇది. చాలా గుడ్లలో ఉండేది మట్టే. పిండం నిలవాలంటే పిల్ల బయటికి రాకముందే గుడ్డు పూడుకుపోవాలి, ఎముకలు కుళ్లకుండా ఖనిజం చేరాలి. దక్షిణ చైనాలోని గాన్‌జౌలో దొరికిన "బేబీ యింగ్లియాంగ్" గుడ్డు 17 సెంటీమీటర్ల పొడవు, అందులో పిల్ల ముడుచుకుని అలాగే ఉంది, 2021లో దాన్ని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా వార్త అయిందంటే అది ఎంత అరుదో చూడండి. ఎక్స్‌రే ఫిల్మ్ చూపించి ఇదిగో ఎముక అంటే నమ్మొద్దు, ఫిల్మ్ మీద పగులూ గులకరాయీ ఎముకలాగే కనిపిస్తాయి. సీటీ స్కాన్ మొత్తం ఫైలు ఇవ్వమనండి, మీ ఎదురుగా తీయించమనండి. ఉపరితలం మీద ఎముకలు బయటికి కనబడేలా ఉంటే లూప్, యూవీ రెండూ అక్కడే వాడండి, కోడిపిల్ల ఎముకలు పొదిగి అతికించడం చాలా పాత పని.

గూడు మొత్తం అమ్ముతుంటే అమరిక చూడండి. ఓవిరాప్టర్ గూట్లో గుడ్లు జతలు జతలుగా, వలయంలా పేర్చి ఉంటాయి. టైటనోసార్ గూట్లో ఆ జతలు ఉండవు, గుంటలో ఒకదాని పక్కన ఒకటి. 2023 జనవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, హర్ష ధిమాన్ బృందం ధార్ జిల్లాలో 92 గూళ్లూ 256 గుడ్లూ నమోదు చేసి ప్రచురించింది, ఆ ఫోటోలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. నిజమైన గూడు ఎంత చిందరవందరగా ఉంటుందో, చాలా గుడ్లు చుట్టూ ఒక వలయపు గీతగా మాత్రమే ఎలా మిగులుతాయో అందులో తెలుస్తుంది. బల్ల మీద పెట్టిన పూలగుత్తిలా ప్రతి గుడ్డూ పూర్తిగా పైకి కనబడుతుంటే ఎవరో పేర్చారు.

ఫోటోలు చూసి తేల్చాల్సి వస్తే

రెండు కొనలు, అడుగు, విరిగిన అంచు, అన్నీ స్కేలు పక్కన పెట్టి పంపమనండి. పక్క వెలుతురులో తిప్పుతూ తీసిన వీడియో అడగండి. అడుగు ఫోటో అడిగితే జవాబు రాకపోతే అదే జవాబు. ఇంకో మంచి పని, అదే రకం గుడ్లు అమ్మే వేరే ప్రకటనలన్నీ తెరిచి పగుళ్లు పోల్చండి. భూమిలో రెండు గుడ్లు ఒకేలా పగలవు. రెండు చోట్ల ఒకే మెలిక తిరిగిన పగులు కనిపిస్తే రెండూ ఒకే అచ్చులోంచి వచ్చినవి.

ఏనుగు పక్షి గుడ్లు కూడా మార్కెట్లో ఉంటాయి, మడగాస్కర్‌లో అంతరించిన పెద్ద పక్షివి, ఒక అడుగు దాకా ఎత్తు, మూడు నాలుగు మిల్లీమీటర్ల పెంకు. ఇవి శిలాజాలుగా మారినవి కావు, పాత గుడ్లు. చాలావరకు ముక్కలు ఏరి అతికించినవే, వేరు వేరు గుడ్ల ముక్కలైతే రంగూ వంపూ కలవవు.

నిజమే అని తేలితే ఆగి ఆలోచించాల్సింది ఇంకోటుంది. చైనా, మంగోలియా, అర్జెంటీనా తమ శిలాజాలను దేశం దాటనివ్వవు. హెనాన్ నుంచి 1993లో అమెరికా చేరిన "బేబీ లూయీ" గుడ్ల గూడు 2013లో చైనాకు తిరిగి వెళ్లిపోయింది. గుడ్డు నిజమైనంత మాత్రాన అది మీ చేతికి న్యాయంగా వచ్చినట్టు కాదు, ఎప్పుడు, ఎక్కడినుంచి, ఏ కాగితాలతో బయటికి వచ్చిందో చూపించలేకపోతే నా మట్టుకు నేను కొనను, కొనమని ఎవరికీ చెప్పను.

మీ నేలలోనే దొరికితే

తవ్వకండి, కడగకండి, ఇంటికి తేకండి. చుట్టూ ఉన్న మట్టి, పక్క పెంకు ముక్కలు, ఎంత లోతు అన్నవి గుడ్డుతో సమానమైన సమాచారం, ఒకసారి కదిపితే మళ్లీ రావు. పక్కన స్కేలు లేదా పెన్ను పెట్టి దగ్గరనుంచి, దూరంనుంచి ఫోటోలు తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, మళ్లీ మట్టి కప్పండి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో భూగర్భ శాస్త్ర విభాగాలు ఉన్నాయి. విరిగిన అంచు స్పష్టంగా పడిన ఒక్క ఫోటో ఉంటే వాళ్లకి చాలావరకు విషయం అర్థమవుతుంది. పెంకు పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద చూడటం వాళ్ల పని, మీ పని కాదు.

చూడాలనే కోరిక ఉంటే గుజరాత్ బాలాసినోర్ దగ్గర రైయోలీకి వెళ్లండి, అక్కడ నిజమైన గుడ్లు నేలలోనే కనిపిస్తాయి. మనకి దగ్గర్లో అయితే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి నుంచి తవ్వి తీసిన కోటాసారస్ అస్థిపంజరం ఉంది. గుడ్డు కాదు గానీ, రాయిగా మారిన ఎముక రంగూ గరుకుదనం ఎలా ఉంటాయో కంటికి అలవాటవుతుంది.

ఇంట్లో పిల్లలకి చూపించడానికి మంచి రెజిన్ నకలు కొనుక్కోవడంలో ఏ తప్పూ లేదు, కొన్ని నకళ్లు అసలు గుడ్డు మీదే అచ్చు తీసి పోసినవి, పెంకు బొడిపెలు కూడా వాటిలో బాగా తెలుస్తాయి. కొన్న రోజే అడుగున చెరిగిపోని మార్కర్‌తో "నకలు" అని, కొన్న సంవత్సరంతో సహా రాసి పెట్టండి, రేపు అది ఇంకెవరి చేతికైనా పోతే వాళ్లు మోసపోకుండా ఉంటారు.